చిన్న యంత్రం పెద్ద దెబ్బను ఎలా ఓర్చుకుంటుంది?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుకు సంబంధించిన విషయం ఏదైనా ఒకటి, అందరికీ అర్థమయ్యేలా, అరగంటలో చెప్పమని కార్యవర్గం వారు నన్ను కోరారు. దాదాపు ముప్పై ఏళ్లుగా హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పడమే నా పని. అందుకని తరగతి గదిలో మాట్లాడే భాషలోనే మాట్లాడతాను. మధ్యలో కొన్ని లెక్కలు వస్తాయి. భయపడకండి, అన్నీ ఎనిమిదో తరగతి లెక్కలే.

మీ అందరి జేబుల్లోనూ, సంచుల్లోనూ సెల్‌ఫోన్లు ఉన్నాయి. అవి ఎన్నిసార్లు చేతిలోంచి జారి గచ్చు మీద పడి ఉంటాయో మీకే తెలుసు. కొన్నింటికి అద్దం పగిలింది, కొన్నింటికి మూల సొట్టపోయింది. అయినా ఫోన్‌ను అడ్డంగా తిప్పితే తెర మీది బొమ్మ కూడా అడ్డంగా తిరుగుతూనే ఉంది. ఆ తిప్పడాన్ని కనిపెట్టేది ఫోన్ లోపలున్న ఒక యంత్రం. అందులో నిజంగా కదిలే భాగాలున్నాయి. వెంట్రుక కంటే సన్నని స్ప్రింగుల మీద ఒక బరువు వేలాడుతూ ఉంటుంది. గట్టి అద్దం పగిలిన దెబ్బకు అంత సున్నితమైన యంత్రం ఎందుకు పగల్లేదు? నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు.

ఇది వింత కోసం చెబుతున్న సంగతి కాదు. ఇదే జాతి యంత్రాలు కారులో ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు విచ్చుకోవాలో చెబుతాయి. కొన్ని రకాల పేస్‌మేకర్లలో మనిషి నడుస్తున్నాడా, కూర్చున్నాడా అన్నది కనిపెట్టి, దాన్నిబట్టి గుండె వేగాన్ని సర్దడానికి తోడ్పడతాయి. వినికిడి యంత్రాల్లో మైకులుగా ఉంటాయి. ఇవి చిన్న దెబ్బకే పాడైతే, అసలు అవసరం వచ్చిన రోజున పని చేయవు. ఆ రోజు అడిగేది డబ్బు కాదు, ప్రాణం.

ఈ యంత్రం ఎలా ఉంటుంది?

వీటిని మైక్రో ఎలక్ట్రో మెకానికల్ సిస్టమ్స్ అంటారు. పొట్టిగా మెమ్స్. కంప్యూటర్ చిప్పును తయారు చేసే పద్ధతుల్లోనే సిలికాన్ పలక మీద పొరలు వేసి, అక్కర్లేని చోట తొలిచేసి, కదిలే భాగాలను చెక్కుతారు. వీటిని కొలవడానికి మిల్లీమీటరు చాలదు. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటాం. మన తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు. ఈ యంత్రాల్లో స్ప్రింగుల మందం, భాగాల మధ్య సందు ఒకటి రెండు మైక్రాన్లే ఉండవచ్చు.

కదలికను కొలిచే యంత్రాన్ని యాక్సిలరోమీటర్ అంటారు. దాని పని బస్సు ప్రయాణంలో మనందరికీ అనుభవమే. డ్రైవరు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాం. ఈ యంత్రంలోని బరువు కూడా అలాగే తూలుతుంది. ఆ బరువుకు దువ్వెన పళ్లలాంటి పళ్లు ఉంటాయి. ఎదురుగా కదలని దువ్వెన ఒకటి ఉంటుంది. ఒకదాని పళ్ల మధ్య ఇంకొకదాని పళ్లు దూరి ఉంటాయి, కానీ తగలవు. బరువు తూలినప్పుడు పళ్ల మధ్య సందు మారుతుంది. సందు మారితే అక్కడ నిలిచే విద్యుదావేశం మారుతుంది. పక్కనున్న సర్క్యూట్ ఆ మార్పును చదివి, ఎంత కుదుపు వచ్చిందో చెబుతుంది.

దీనికి ముందు కార్లలో వాడినవి కొంచెం పెద్ద సాధనాలు. అమెరికాకు చెందిన అలెన్ బ్రీడ్ 1960ల చివర్లో తయారు చేసిన సెన్సర్‌లో గొట్టంలో ఒక ఇనుప గుండు ఉండేది. దాన్ని అయస్కాంతం పట్టి ఉంచేది. కారు గుద్దుకుంటే గుండు అయస్కాంతాన్ని విడిపించుకుని ముందుకు దొర్లి స్విచ్చును కలిపేది. 1991లో అనలాగ్ డివైసెస్ అనే కంపెనీ ఏడీఎక్స్‌ఎల్50 అనే చిప్పును ప్రకటించింది. ఎయిర్‌బ్యాగ్‌ల కోసమే చేసిన ఆ చిప్పులో ఊగే బరువు గ్రాములో కోటో వంతు. అంటే ఒక గ్రాము బరువు తూగాలంటే అలాంటివి కోటి కావాలి. ఈ కోటో వంతు అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

దెబ్బను కొలవడం ఎలా?

భూమి మనల్ని లాగే బలాన్ని ఒక జీ అంటాం. కుర్చీలో కూర్చున్న మీ మీద ఇప్పుడున్నది ఒక జీ. రెండు జీలంటే మీ బరువు రెట్టింపైనట్టు. విమానం నడిపేవారికి శిక్షణ లేకుండా కొన్ని సెకన్లపాటు ఐదు జీలు తగిలితే కళ్లు చీకట్లు కమ్ముతాయి.

ఇప్పుడు ఫోన్ సంగతి చూద్దాం. ఒక మీటరు ఎత్తు నుంచి పడిన వస్తువు నేలను చేరేసరికి దాని వేగం సెకనుకు 4.4 మీటర్లు, అంటే గంటకు సుమారు 16 కిలోమీటర్లు. ఆ వేగం ఎంతసేపట్లో సున్నా అవుతుందన్నదే దెబ్బను నిర్ణయిస్తుంది. పరుపు మీద పడి 50 మిల్లీ సెకన్లలో ఆగిందనుకోండి. సగటు దెబ్బ 9 జీలు. అదే గచ్చు మీద పడి ఒక్క మిల్లీ సెకనులో ఆగితే సగటున 450 జీలు, మధ్యలో గరిష్ఠంగా 700 జీల దాకా పోతుంది. ఎత్తు అదే, వేగం అదే. ఆగడానికి దొరికిన సమయం ఒక్కటే తేడా. మన అమ్మలు గుడ్లను అట్టలో పెట్టి తెమ్మనడంలో ఉన్న భౌతికశాస్త్రం ఇదే.

చేతిలో పట్టుకుని తిరిగే పరికరాల సర్క్యూట్ బోర్డులకు పరిశ్రమలో చేసే ఒక ప్రామాణిక పరీక్షలో అర మిల్లీ సెకనుపాటు 1500 జీల దెబ్బ కొడతారు. యాక్సిలరోమీటర్ చిప్పులు ఇంకా గట్టివి. బాగా వాడుకలో ఉన్న ఏడీఎక్స్‌ఎల్345 అనే చిప్పును చూడండి. అది కొలవగలిగేది 16 జీల వరకే. కానీ తట్టుకోగలిగే హద్దుగా కంపెనీ రాసింది 10,000 జీలు. కొలిచే దానికి 600 రెట్ల కంటే ఎక్కువ దెబ్బను ఓర్చుకోగల తక్కెడ మన బజారులో ఎక్కడైనా ఉందా? కిలో తూచే తక్కెడ మీద 600 కిలోలు పెడితే ఏమవుతుందో ఊహించండి.

మొదటి కారణం: తేలికగా ఉండడం

ఈ ఓర్పుకు మొదటి కారణం గట్టిదనం కాదు, తేలికదనం.

దెబ్బ తగిలినప్పుడు యంత్రాన్ని విరిచేది బయటి నుంచి వచ్చే బలం కాదు, దాని సొంత బరువే. చట్రం ఆగిపోతుంది, వేలాడుతున్న బరువు ఆగనంటుంది, ఆ లాగుడంతా స్ప్రింగుల మీద పడుతుంది. బరువు తక్కువైతే లాగుడు తక్కువ.

ఒక వస్తువు పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ పదో వంతుకు తగ్గించామనుకోండి. దాని బరువు వెయ్యో వంతుకు పడిపోతుంది. కానీ ఆ బరువును మోసే కాడ అడ్డకోత వైశాల్యం వందో వంతుకే తగ్గుతుంది. అంటే కాడలో ప్రతి చదరపు మిల్లీమీటరు మీద పడే భారం పదో వంతే. సెంటీమీటరు కొలతల్లో ఉన్నదాన్ని మైక్రాన్ కొలతల్లోకి దించితే, అదే దెబ్బకు దాని లోపల పుట్టే ఒత్తిడి పదివేల వంతుల్లో ఒక వంతు. ఈ సూత్రం కొత్తది కాదు. 1638లో గెలీలియో తన చివరి పుస్తకంలో, పెద్ద జంతువుల ఎముకలు చిన్న జంతువుల ఎముకల కంటే ఎందుకు అంత లావుగా ఉండాలో ఈ లెక్కతోనే చెప్పాడు.

ఇదే విషయం మీద 1926లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పేరున్న వ్యాసం ఒకటి రాశారు. లోతైన గని గుంటలో పడినా చిట్టెలుక లేచి నడిచిపోతుందనీ, మనిషైతే బతకడనీ అందులో వివరించారు. ఎలుక విషయంలో గాలి ఆపడం కూడా ఉంది. మన యంత్రం ఫోన్ లోపల ఉంటుంది కనుక దాన్ని గాలి ఆపదు. కానీ పరిమాణం మారితే న్యాయం మారుతుందన్న మాట రెండింటికీ ఒకటే. ఈ హాల్డేన్ తరవాత మన దేశానికి వచ్చి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని విద్యార్థుల చదువుకు ఇవ్వాలని ముందే రాసి పెట్టారు. అది మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది. దానం గురించి తెలిసిన సభ కనుక ఈ సంగతి చెప్పాను.

ఇంట్లో పిల్లలు చేసి చూడగల పరీక్ష ఒకటి చెబుతాను. రంజాన్‌కు షీర్ ఖుర్మా కోసం తెచ్చే సన్న సేమియాలో ఒక పొడవాటి పోగు తీసుకోండి. ఒక కొసను పట్టుకుని అడ్డంగా ఊపండి. వంగి ఊగుతుంది, గట్టిగా ఊపితే విరుగుతుంది. దాన్ని సగానికి తుంచి అదే ఊపు ఊపండి. వంపు చాలా తగ్గుతుంది. ఇంకా తుంచి అంగుళం ముక్క చేయండి. ఇప్పుడు ఎంత ఊపినా చలించదు. పిండి మారలేదు, మందం మారలేదు. పొడవు, దానితో బరువు తగ్గాయి, అంతే.

ఇప్పుడు ఆ గ్రాములో కోటో వంతు దగ్గరకు రండి. 2000 జీల దెబ్బ తగిలితే ఆ బరువు 2000 రెట్లవుతుంది. అయినా అది తూగేది మిల్లీగ్రాములో ఐదో వంతు. ఒక చిన్న పంచదార పలుకు పాటి బరువు. స్ప్రింగులు మోయాల్సింది ఆ పలుకునే.

రెండో కారణం: సిలికాన్ గుణం

సిలికాన్ అంటే మనకు కంప్యూటర్ చిప్పులు గుర్తొస్తాయి. అది యంత్ర భాగాలకు కూడా మంచి పదార్థమేనని 1982లో కర్ట్ పీటర్సన్ అనే ఇంజినీరు ఒక వ్యాసంలో వివరంగా చూపించాడు. ఈ రంగంలో పనిచేసేవారు ఇప్పటికీ తలుచుకునే వ్యాసం అది. లోపం లేని సిలికాన్ స్ఫటికం బలంలో స్టీలుతో పోటీ పడుతుంది. బరువులో స్టీలుకు మూడో వంతు కంటే తక్కువ. పైగా ఇనుప తీగలా వంగి వంకరగా ఉండిపోదు. వంచి వదిలితే సరిగ్గా పాత చోటికే వస్తుంది. కొలత యంత్రానికి కావలసింది అదే.

అయితే దీనికి ఒక బలహీనత ఉంది. సిలికాన్ గాజులాంటిది. ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని, హద్దు దాటితే ఒక్కసారిగా విరుగుతుంది. గాజుపని చేసేవాళ్లు అద్దాన్ని ఎలా కోస్తారో చూశారు కదా! వజ్రపు ములుకుతో సన్నని గీత గీసి, చిన్నగా తడితే ఆ గీత వెంటే విడిపోతుంది. బలమంతా ఉన్నా గీత ఉన్న చోట అది లెక్కలోకి రాదు. సిలికాన్‌లో కూడా అంతే. గీత, గరుకు, పదునైన లోపలి మూల ఎక్కడుంటే అక్కడ ఒత్తిడి పోగవుతుంది. అందుకని స్ప్రింగు బరువుతో కలిసే మూలను, చట్రంతో కలిసే మూలను గుండ్రంగా చెక్కుతారు. తొలిచే పనిలో అంచులు నునుపుగా వచ్చేలా చూస్తారు. ఇక్కడ కూడా చిన్నతనం మేలే చేస్తుంది. ముక్క ఎంత చిన్నదైతే దానిలో పెద్ద లోపం ఉండే అవకాశం అంత తక్కువ.

మూడో కారణం: కదలడానికి చోటు, ఆగడానికి గోడ

ఇంజినీరుకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. స్ప్రింగు మెత్తగా ఉంటే చిన్న కదలిక కూడా తెలుస్తుంది కానీ పెద్ద దెబ్బకు బరువు దూరం పోతుంది. స్ప్రింగు బిగువుగా ఉంటే దెబ్బకు నిలుస్తుంది కానీ చిన్న కదలిక తెలియదు.

లెక్క వేసి చూద్దాం. సెకనుకు 5000 సార్లు ఊగే స్వభావమున్న బరువును తీసుకోండి. ఒక జీకి అది కదిలేది మైక్రాన్‌లో వందో వంతు. 1000 జీల దెబ్బ తగిలితే లెక్క ప్రకారం 10 మైక్రాన్లు కదలాలి. కానీ పళ్ల మధ్య ఉన్న సందు 2 మైక్రాన్లే అనుకుందాం. కాబట్టి అది పోయి ఎదుటి పళ్లకు గుద్దుకుంటుంది. స్ప్రింగును బిగించి సెకనుకు 20,000 సార్లు ఊగేలా చేస్తే, 1000 జీలకు కూడా అర మైక్రాన్‌కు కొంచెం పైనే కదులుతుంది, గుద్దుకోదు. కానీ మామూలు కదలికలను పట్టే శక్తి పదహారో వంతుకు పడిపోతుంది. ఎయిర్‌బ్యాగ్‌కు పదుల జీలను కొలవాలి కనుక బిగువైన స్ప్రింగు సరిపోతుంది. ఫోన్‌కు ఒక జీలో చిన్న భాగాన్ని కూడా పట్టాలి కనుక మెత్తని స్ప్రింగు కావాలి.

మరి మెత్తని స్ప్రింగును దెబ్బ నుంచి ఎలా కాపాడాలి? మన ఇంటి తలుపు గాలికి కొట్టుకోకుండా గోడకు రబ్బరు బిరడా పెడతాం. ఇక్కడ కూడా అదే ఉపాయం. పళ్లు తగిలేలోపే బరువును ఆపే చిన్న బొడిపెలు చట్రంలో చెక్కుతారు. వీటిని స్టాపర్లు అంటారు. బరువు వాటికి ఆనుకుంటే స్ప్రింగు అంతకు మించి సాగదు. గట్టి గోడకు గుద్దుకుంటే ఆ గుద్దుడే కొత్త దెబ్బ అవుతుంది కనుక, కొన్నింటిలో స్టాపర్లే కొంచెం వంగేలా చేస్తారు. బరువుకూ స్టాపర్‌కూ మధ్య విద్యుత్తు పారకుండా రెండింటినీ ఒకే ఓల్టేజీలో ఉంచుతారు.

లోపల నింపి ఉంచిన వాయువు కూడా సాయం చేస్తుంది. రెండు పలకలు దగ్గరకు వస్తుంటే మధ్యలోని గాలి పిండినట్టై బయటకు పోవాలి. అంత ఇరుకు సందులోంచి అది తొందరగా పోలేదు. ఆ గాలే దిండులా పనిచేసి వేగాన్ని తగ్గిస్తుంది. సైకిలు పంపు చివర వేలు పెట్టి నొక్కి చూస్తే ఇది తెలుస్తుంది.

దెబ్బకు విరగకపోయినా ఇంకో ఆపద ఉంది. తడిసిన రెండు గాజు పలకలు అతుక్కుంటే విడదీయడం ఎంత కష్టమో తెలుసు కదా! ఈ కొలతల్లో తడి లేకపోయినా ఉపరితలాల మధ్య ఆకర్షణ చాలు. బరువు స్టాపర్‌కు తగిలి అక్కడే అతుక్కుపోతే, దాన్ని వెనక్కి లాగే బలం సన్నని స్ప్రింగుకు ఉండకపోవచ్చు. యంత్రం విరగలేదు, కానీ చచ్చినట్టే. అందుకని తగిలే చోటు వీలైనంత చిన్నదిగా చేస్తారు, ఉపరితలానికి అంటుకోని పూత వేస్తారు, తేమ చొరకుండా గట్టిగా మూసేస్తారు. మన పాఠశాలల్లో వాడే కొన్ని ప్రొజెక్టర్లలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి చిప్పు ఉంటుంది. 1987లో లారీ హార్న్‌బెక్ రూపొందించిన ఆ చిప్పు మీద లక్షల కొద్దీ బుల్లి అద్దాలు అటూ ఇటూ వాలుతూ బొమ్మను చూపిస్తాయి. ప్రతి అద్దం వాలి తగిలే చోట చిన్న స్ప్రింగు మొన ఉంటుంది. తగిలిన అద్దాన్ని అది వెంటనే తిరిగి పైకి తన్నుతుంది.

దెబ్బ ఎంత అన్నదొక్కటే కాదు, ఎంతసేపు అన్నది కూడా

2002లో శ్రీకర్, సెంచూరియా అనే ఇద్దరు ఈ యంత్రాలు దెబ్బకు ఎలా స్పందిస్తాయో చెబుతూ మూడు సమయాలను పోల్చి చూడమన్నారు. ఒకటి, దెబ్బ ఉండే సమయం. రెండు, బరువు ఒకసారి ఊగడానికి పట్టే సమయం. మూడు, శబ్దం ఆ ముక్కలో ఈ కొస నుంచి ఆ కొసకు చేరే సమయం. మిల్లీమీటరు సిలికాన్ ముక్కను శబ్దం సుమారు మైక్రో సెకనులో పదో వంతులో దాటేస్తుంది. ఫోన్ పడినప్పటి దెబ్బ దానికి వేల రెట్లు ఎక్కువసేపు ఉంటుంది. అందుచేత చిప్పు ముక్క అంతా ఒక్కటిగానే ఆగుతుంది. మిగిలింది మొదటి రెండింటి పోలిక. ఉయ్యాల ఊగే లయకు సరిపడా తోస్తే చిన్న తోపుకే ఎత్తుకు పోతుంది. దాన్నే పాఠ్యపుస్తకంలో అనునాదం అంటాం. దెబ్బ కానీ, కంపనం కానీ యంత్రం లయతో కలిసిందా, కొంచెం బలమే చాలు హాని చేయడానికి. గైరోస్కోప్ చిప్పులున్న బోర్డులను అల్ట్రాసోనిక్ తొట్టెలో కడగవద్దని తయారీదారులు చెప్పేది ఇందుకే. ఆ తొట్టె కంపనాలూ, లోపలి బరువు ఊగే వేగమూ ఒకే మేరలో ఉంటాయి.

వింతేమిటంటే, ఫోన్‌లో ఉండగా దెబ్బలు కాచుకునే చిప్పు, విడిగా బల్ల మీంచి గచ్చు మీద పడితే పాడవ్వచ్చు. ఫోన్‌కు ఒళ్లుంది, మూలలున్నాయి, లోపల బోర్డు కొంచెం వంగుతుంది. ఇవన్నీ ఆగే సమయాన్ని పొడిగిస్తాయి. విడి చిప్పు చిన్నది, గట్టిది. గట్టిది గట్టిదాన్ని తాకితే ఆగే సమయం మరీ తక్కువ, అప్పుడు జీలు వేలల్లోకి పోతాయి. ఇంకో మాట కూడా చెప్పాలి. పడిన ఫోన్‌లో కదలిక తెలియడం ఆగిపోతే తప్పు యంత్రానిదే కానక్కర్లేదు. బోర్డు వంగినప్పుడు టంకం అతుకు పగిలి ఉండవచ్చు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

కారు గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ విషయంలో నిర్ణయం జరగడానికి ఉన్న వ్యవధి 15, 20 మిల్లీ సెకన్లు. తరవాత సుమారు 30 మిల్లీ సెకన్లలో బ్యాగ్ నిండాలి. మన రెప్పపాటుకే 100 మిల్లీ సెకన్లు దాటుతుంది. ఆ నిర్ణయం తీసుకునే సెన్సర్ పదేళ్లపాటు గుంతల్లో కుదుపులు తిని ఉండవచ్చు. అయినా ఆ రోజు తప్పు చెప్పకూడదు. గుంతలో పడితే పేలకూడదు, గుద్దుకుంటే పేలకుండా ఉండకూడదు. కారు గుద్దుకున్నప్పుడు లోపల తెలిసే దెబ్బ పదుల జీలే. అదే సెన్సర్ బిగించే వర్క్‌షాపులో గచ్చు మీద జారిపడితే వందల జీలు. అంటే ప్రమాదాన్ని కొలిచే యంత్రం ప్రమాదం కంటే పెద్ద దెబ్బను షెడ్డులోనే తినవచ్చు. అందుకే పడిపోయిన ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌ను మళ్లీ బిగించవద్దని సర్వీసు పుస్తకాల్లో రాస్తారు.

ఆ యంత్రం ఇంకా బతికే ఉందని ఎలా తెలుస్తుంది? ఏడీఎక్స్‌ఎల్50లోనే దీనికి ఏర్పాటుంది. విద్యుత్తుతో బరువును కావాలని కొంచెం లాగి, అది కదిలిందో లేదో సర్క్యూట్ తానే చూసుకుంటుంది. మీరు కారు స్టార్టు చేసినప్పుడు ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోతుంది. అది వ్యవస్థ తనను తాను పరీక్షించుకునే సమయం. ఆ దీపం ఆరకపోతే, "ఏం కాదులే" అని టేపు అతికించకండి. ఆ రోజే చూపించండి.

మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లలో డ్రైవరుకు, 2021లో ముందు సీటు ప్రయాణికుడికి కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. కాబట్టి ఇప్పుడు చాలా ఇళ్లకు సంబంధించిన విషయం ఇది. సీటు బెల్టు పెట్టుకున్నవారి కోసమే ఎయిర్‌బ్యాగ్. ముందు సీట్లో పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోకండి. బ్యాగ్ విచ్చుకునే బలం పసిబిడ్డ తట్టుకునేది కాదు. బ్యాగ్ ఉన్న మూత మీద అత్తరు సీసాలు, బొమ్మలు అతికించకండి. అవి తూటాల్లా వస్తాయి.

ఈ చిన్న యంత్రాలు పెద్ద వస్తువులను కూడా దెబ్బ నుంచి కాపాడతాయి. 2003లో ఐబీఎం థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లో యాక్సిలరోమీటర్ పెట్టింది. మీటరు ఎత్తు నుంచి నేలకు చేరడానికి 0.45 సెకన్లు పడుతుంది. పడిపోతున్నామని ఆలోపే కనిపెట్టి, హార్డ్‌డిస్క్ తలను పక్కకు జరిపేస్తుంది. 2022లో వచ్చిన ఐఫోన్ 14లో 256 జీల దాకా కొలిచే సెన్సర్ ఉంది. కారు ప్రమాదాన్ని పసిగట్టి సాయం కోసం ఫోన్ చేయడం దాని పనుల్లో ఒకటి.

దాతలకు ఒక విన్నపం

పిల్లలకు ఈ పాఠం నల్లబల్ల మీద చెప్పవచ్చు. కానీ చేత్తో పట్టుకుని చూస్తే కలిగే నమ్మకం వేరు. దానికి లక్షలు పోసి పరికరాలు కొనక్కర్లేదు. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వారు ఫైఫాక్స్ అనే యాప్‌ను ఉచితంగా ఇస్తున్నారు. అది ఫోన్‌లోని సెన్సర్లు చెప్పే అంకెలను తెర మీద గీతలుగా చూపిస్తుంది. ఫోన్‌ను బల్ల మీద ఉంచితే 9.8 దగ్గర నిలుస్తుంది. మీటరు ఎత్తు నుంచి మందపాటి పరుపు మీదికి వదిలితే, పడుతున్నంతసేపు దాదాపు సున్నా చూపించి, తరవాత ఒక్క గెంతు గెంతుతుంది. ఆ సున్నా ఎంతసేపు ఉందో చూసి పదో తరగతి విద్యార్థి భూమి లాగే బలాన్ని తానే లెక్క కట్టగలడు. గెలీలియో దగ్గర లేని సాధనం అది.

మీ ఇళ్లల్లో బీరువా అరలో పక్కన పెట్టేసిన పాత ఫోన్లు ఉంటాయి. మూల సొట్టపోయిందనో, అద్దం చిట్లిందనో కొత్తది కొని ఉంటారు. తెర కనిపిస్తూ, ఛార్జింగ్ ఎక్కుతూ ఉంటే, లోపలి యంత్రం ఇంకా పనిచేస్తూ ఉండే అవకాశమే ఎక్కువ. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. సిమ్ తీసి, మీ ఫొటోలు, నంబర్లు అన్నీ పూర్తిగా చెరిపేసి, చిట్లిన అద్దం మీద పారదర్శకమైన టేపు వేసి, దగ్గర్లోని బడికి ఇవ్వండి. బ్యాటరీ ఉబ్బినవి మాత్రం ఇవ్వకండి, ఇంట్లో కూడా ఉంచకండి. అలాంటివి ఐదు ఫోన్లుంటే ఒక తరగతి ఐదు గుంపులుగా కూర్చుని ప్రయోగం చేయగలదు.

విద్యార్థులారా, మీకు ఒక మాట. కోటో వంతు గ్రాము బరువున్న ఆ ముక్క వేల జీలను ఓర్చుకోవడంలో మాయ ఏమీ లేదు. మోయాల్సిన బరువును తగ్గించారు, మూలలను గుండ్రం చేశారు, కదలడానికి చోటిచ్చి హద్దు దగ్గర ఆనుకునే గోడ కట్టారు, ఇంకా పనిచేస్తోందా లేదా అని ఎప్పటికప్పుడు పరీక్ష పెట్టారు. ప్రతి అడుగు వెనకా మీ పుస్తకంలో ఉన్న సూత్రమే ఉంది. రేపు వీటిలో మెరుగైనదాన్ని రూపొందించే ఇంజినీరు ఈ వరుసల్లోనే ఉండవచ్చు.